తొట్లకొండ నుంచి భీమిలి దాకా

"పిక్నిక్కంటే కారులో వెళ్ళి, పులిహోర తిని, కారులో తిరిగి రావడమే కదా! మధ్యలో ఈ నడకెందుకోయ్?" అన్నారు మావారు, భోజనాలబల్ల మీద విశాఖపట్నం పటం పరిచి నేను పెన్సిలుతో గీతలు గీస్తుంటే.

ఎందుకంటే ఏం చెప్పను? తొట్లకొండ కింద నుంచి నేను ఎన్నిసార్లు బస్సులో వెళ్ళానో లెక్కలేదు. ఒక్కసారైనా తలెత్తి చూసిన పాపాన పోలేదు. కిటికీ పక్క సీటు దొరికితే సముద్రం వైపు చూసేదాన్ని, దొరక్కపోతే కునుకు తీసేదాన్ని. నెత్తిమీద రెండువేల ఏళ్ళ నాటి ఆరామం ఉందని నాకేం తెలుసు! నాకనేమిటి, చాలాకాలం చదువుకున్నవాళ్ళెవరికీ తెలియదు. నౌకాదళం వారు విమానంలో తిరుగుతూ సర్వే చేస్తుంటే ఆ గోడల ఆనవాళ్ళు బయటపడ్డాయట. 1988 తర్వాత పురావస్తు శాఖ వారు తవ్వించారు. స్తూపాలు, చైత్యాలు, భిక్షువుల గదుల వరసలు తేలాయి.

కానీ కింద ఊళ్ళవాళ్ళకి తెలుసు సుమండీ! రాతిలో తొలిచిన నీటితొట్లు ఉన్న కొండ కనుక తొట్లకొండ అన్నారు. ఆ పక్కదాన్ని, బావులుంటే, బావికొండ అన్నారు. ఎవరు తొలిచారో మరిచిపోయారు గానీ తొలిచిన సంగతి పేరులో దాచుకున్నారు.

మా నాయనమ్మ ఏ ఇల్లు చూడబోయినా ముందు నుయ్యి చూసేది, తర్వాతే గడప. ఈ భిక్షువులూ ఆ బాపతే. సముద్రానికి నూట ఇరవై ఎనిమిది మీటర్ల ఎత్తున, చుట్టూ ఉప్పునీళ్ళు కనిపించే చోట కాపురం పెడుతూ, వాన నీటిని పట్టుకోవడానికి బండనే తొట్టి చేసుకున్నారు. వంటశాల, భోజనశాల కూడా ఉన్నాయి. స్తూపం సంగతి మావారు చూసుకుంటారు, నేను ముందు వంటింటికే వెళతాను. అక్కడ దొరికినవాటిలో శాతవాహనుల నాణాలతో పాటు రోమను వెండి నాణాలు ఉన్నాయంటే, ఏ ఓడ సరుకుతోనో వచ్చి ఎవరి మొక్కుగానో కొండెక్కి ఉంటాయని నా ఊహ. 2019 వానలకి మహాస్తూపం కూలితే మళ్ళీ కట్టారు.

పైదాకా రోడ్డుంది కనుక ఎక్కేటప్పుడు ఆటో, దిగేటప్పుడు కాళ్ళు. దిగితే మంగమారిపేట, అక్కడి సముద్రపుటొడ్డున అలలు కొట్టి కొట్టి మలిచిన రాతి తోరణం. అక్కణ్ణుంచి భీమిలి వైపు తీరం వెంట, ఓపికున్నంత మేర తడి ఇసుక మీద, ఎండెక్కితే సరుగుడు తోపుల్లోంచి. కొండ నుంచి భీమిలి పది కిలోమీటర్ల పైచిలుకు. అంతా నడవక్కర్లేదు, పక్కనే రోడ్డు, రోడ్డు మీద ఆటోలు.

ఇక రోజు పెట్టుకోవడం దగ్గర పేచీ వచ్చింది. పున్నమికీ అమావాస్యకీ పోటు ఎక్కువ, గట్టి ఇసుక మునిగిపోతుంది. అష్టమి ప్రాంతాల్లో సముద్రం శాంతంగా ఉంటుందని చేపలమ్మే ఆమె చెప్పింది. "అష్టమినాడు ప్రయాణమా!" అని మా పిన్ని గుండెలు బాదుకుంది. పంచాంగానికీ సముద్రానికీ రాజీ కుదిర్చి దశమికి ఖాయం చేశాం.

అన్నట్టు, పిన్నికి డెబ్భై ఎనిమిదేళ్ళు. ఆవిడ వస్తానంటుందని నేననుకోలేదు. హైదరాబాదు నుంచి వాళ్ళబ్బాయి ఫోనులో, "అక్కా, ఎర్రమట్టి దిబ్బల్లో అమ్మ కాలు జారితే ఎవరిది పూచీ?" అని నిలదీశాడు. అదీ నిజమే. ఆ దిబ్బలు చూడ్డానికి కొండల్లా ఉంటాయి గానీ అంతా ఇసుకే. గాలీ నీరూ వేల సంవత్సరాలుగా పోగుచేస్తే, ఇనుము తుప్పు పట్టి ఎర్రబడింది. వాన కాలవలు కోసిన లోతు గోతుల అంచున నిలబడితే మట్టి మనతో సహా జారుతుంది. ఇలాంటివి మళ్ళీ తమిళనాడులోనూ సింహళంలోనూ తప్ప మన చుట్టుపక్కల లేవంటారు. సినిమాల వాళ్ళు పాటలు తీసీ తీసీ అందరికీ చూపించారు గానీ, చదును చేసేవాళ్ళ నుంచి కాపాడ్డం వాళ్ళ పని కాదుగా!

"నాకు కొండలూ వద్దు, దిబ్బలూ వద్దు. భీమిలిలో ఆ దొరల గోరీల దగ్గర దింపెయ్యండి చాలు" అంది పిన్ని.

ఆ దొరలు ఇంగ్లీషువాళ్ళు కారు, వలందులు, అంటే హాలండు వాళ్ళు. మచిలీపట్నంలో వలందపాలెం వాళ్ళ పేరు మీదే. పదిహేడో శతాబ్దంలో, గోలుకొండ నవాబుల ఏలుబడిలో, మన మగ్గాల బట్టల కోసం వచ్చి గోస్తనీ నది సముద్రంలో కలిసే ఈ ఊళ్ళో కొట్లు పెట్టారు. 1825లో ఇంగ్లీషు వాళ్ళకి అప్పగించి పోయారు. 1861లో భీమిలికి మునిసిపాలిటీ కూడా వచ్చింది. వెళ్ళిపోయినవాళ్ళు తీసుకుపోలేనివి ఆ గోరీలే.

"వాటితో నీకేం పని పిన్నీ?" అన్నాను, కాస్త విసుగ్గానే. నా పటం మీద గీత చెడిపోతోందని బాధ.

పిన్ని పుట్టింది భీమిలిలోనే. తనకి ఎనిమిదేళ్ళప్పుడు మూడేళ్ళ చెల్లెలికి అమ్మవారు పోసిందిట. చిన్నపిల్ల కదా, దహనం లేదు, సముద్రపుటొడ్డున సరుగుడు తోపు వెనక ఇసుకలో పాతిపెట్టి వచ్చారు. ఆడపిల్లల్ని తీసుకెళ్ళలేదు. ఎక్కడో చూపించమని ఏడిస్తే అమ్మ కసిరింది. "గుర్తేదీ లేదే. అందుకని ఆ గోరీల్లో ఒక బుల్లి గోరీ చూసుకుని, అదే మా బుజ్జిదనుకుని, పూలు పెట్టి వచ్చేదాన్ని. మా నాన్నకి బదిలీ అయ్యేదాకా."

ఇన్నేళ్ళలో నాకీ చెల్లెలి మాట తెలియదు. మా అమ్మ కూడా ఎన్నడూ ఎత్తలేదు. ఆ లెక్కన అమ్మకీ చెల్లెలేగా!

ఆ తోపు ఇప్పుడుంటుందని నేననుకోను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను ఈ తీరాన చెట్లని ఎలా పెళ్ళగించిందో చూసినదాన్ని. ఒడ్డు కూడా ఒక్కచోట ఉండదు, కొంతచోట కోసుకుపోతుంది, కొంతచోట మేట వేస్తుంది. ఆ సంగతి పిన్నికి చెప్పబోయి మానేశాను. ఆవిడకి తెలియకనా?

పటం మీద గీత రబ్బరుతో తుడిచి మళ్ళీ గీశాను. పొద్దున్నే మేం తొట్లకొండ చూసుకుని, తీరం వెంట కొంత నడిచి, దిబ్బల్ని దూరం నుంచే పలకరించి, తొమ్మిదింటికల్లా ఆటోలో భీమిలి చేరతాం. పిన్ని అక్కడికి తిన్నగా కారులో వస్తుంది. గోరీల దగ్గర నుంచి ఒడ్డుదాకా అందరం కలిసి, ఆవిడ నడకతోనే నడుస్తాం. ఎన్నిసార్లు ఆగితే అన్నిసార్లు.

తీసుకెళ్ళవలసిన వాటి జాబితా రాసి బల్ల మీద పెట్టాను: మంచినీళ్ళు, పులిహోర, గొడుగులు, నందివర్ధనం పూలు రెండు పొట్లాలు. పొద్దున లేచి చూస్తే కింద మావారి దస్తూరీలో ఇంకో వరస కనిపించింది: 'మడత కుర్చీ, ఒకటి'.