రామదాసు బందీఖానా

గోల్కొండ కోటలో, ప్రభుత్వ పైకం బాకీపడిన నేరానికి భద్రాచల రామదాసును బంధించినట్లు సంప్రదాయం చెప్పే చెర. రామదాసుగా ప్రసిద్ధుడైన కంచెర్ల గోపన్న స్వగ్రామం నేలకొండపల్లి. అబుల్ హసన్ తానీషా (పాలన 1672–1687) కాలంలో పాల్వంచ పరగణా తహసీల్దారుగా, అనగా శిస్తు వసూలు అధికారిగా ఉన్న గోపన్న, ఆ సొమ్ముతో భద్రాచల ఆలయం కట్టించి, బకాయి చెల్లించలేక పన్నెండేళ్లు చెరలో గడిపాడని ప్రతీతి. గోడపై మలచిన సీతారామలక్ష్మణుల, హనుమంతుని రూపాలు ఆయన చెక్కినవేనని భక్తుల విశ్వాసం. నగలకైన ఖర్చును ఏకరువుపెట్టి రాముణ్ణి నిలదీసిన కీర్తన రుణగ్రస్తుని ఆవేదనకు అపురూప సాక్ష్యం.

రామదాసులాగే బాకీ తీర్చలేక చెరపడిన లండన్ రుణఖైదీల జీవితం అచ్చుచిత్రాలలో మిగిలింది: విలియం హోగార్త్ 1735లో ప్రచురించిన చిత్రమాలికలో ఫ్లీట్ జైలు గదిలోనే ఖైదీ భార్య దెప్పిపొడుపులు, జైలరు రుసుము కోసం చేసే ఒత్తిడి, తోటి ఖైదీల సహవాసం కనిపిస్తాయి. గోల్కొండ చెరకు అటువంటి చిత్రసాక్ష్యం లేనందున, కీర్తనలూ గోడపై శిల్పాలూ ఆ లోటును కొంత తీరుస్తాయి. ఇటువంటి చెర విషయంలోనే, అప్పు తీర్చే స్తోమత లేకపోవడం మాత్రమే కారణంగా రుణగ్రస్తుని జైలుకు పంపరాదని భారత సుప్రీంకోర్టు 1980లో తీర్పునిచ్చింది.