మొదటి రైలు సికింద్రాబాద్‌కే ఎందుకు వచ్చింది?

హైదరాబాద్ పటం ఒకటి ముందు పెట్టుకోండి. పాతబస్తీ, చార్మినార్, నిజాం కొలువు ఉన్న చౌమహల్లా అన్నీ మూసీకి దక్షిణాన కనిపిస్తాయి. రాజధాని ప్రాంతానికి మొట్టమొదటి రైలు మాత్రం 1874 అక్టోబరులో చార్మినార్‌కు సుమారు తొమ్మిది కిలోమీటర్ల ఉత్తరాన, సికింద్రాబాద్‌లో వచ్చి ఆగింది. రాజధాని ఒకచోట, స్టేషను ఇంకొకచోట! ఎందుకిలా జరిగింది?

సికింద్రాబాద్ బ్రిటిష్ సైన్యం విడిది చేసిన ఊరు. మూడో నిజాం సికందర్ జా పేరిట 1806లో ఆ పేరు వచ్చింది. గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే బొంబాయి నుంచి వేసిన లైను 1871 నాటికి వాడి, రాయచూరుల మీదుగా మద్రాసు లైనును కలుసుకుంది. కంటోన్మెంటుకు ఆ లైనుతో సంబంధం ఏర్పడితే దళాలనూ, మందుగుండునూ రోజుల్లో కాదు, గంటల్లో తరలించవచ్చు. వాడి నుంచి సికింద్రాబాద్‌కు శాఖ వేయాలన్న పట్టుదల వెనుక ఉన్న లెక్క ఇదే. 1870లో కుదిరిన ఒప్పందం ప్రకారం డబ్బు నిజాం ప్రభుత్వానిది. నిర్మాణం, నిర్వహణ బ్రిటిష్ ప్రభుత్వానివి. ఇప్పుడు మీకు స్టేషను ఎక్కడ ఉందో, ఎందుకుందో అర్థమై ఉంటుంది.

తరువాతి అధ్యాయం ఇంకా ఆసక్తికరమైనది. 1870ల తొలినాళ్ళలో భూవిజ్ఞాన సర్వే సంస్థకు చెందిన విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతంలో బొగ్గు పొరలను గుర్తించాడు. దాంతో లైనును తూర్పుగా వరంగల్ వైపుకు, అక్కడి నుంచి ఒక శాఖను చాందా (నేటి చంద్రపూర్) వైపుకు, మరొకటి బెజవాడకు పొడిగించాలన్న పథకం తయారైంది. దీనికి లండన్‌లో ఒక కంపెనీ పెట్టి వాటాలు అమ్ముతారు. వాటాదారులకు ఏటా నూటికి అయిదు రూపాయలు వచ్చేట్టు ఇరవై ఏళ్ళపాటు నిజాం ప్రభుత్వం హామీ ఇస్తుంది. దీని భావం చూడండి. రైలుకు లాభం వస్తే సరే. నూటికి రెండే వస్తే మిగిలిన మూడూ ఖజానా నుంచి, అంటే రైతు కట్టే శిస్తులోంచి, వెళ్ళాలి. అసలేమీ రాకపోతే ఇరవై ఏళ్ళలో పెట్టుబడి ఎంతో అంత సొమ్మూ హామీ కిందే చెల్లిపోతుంది. అప్పటికీ రైలు కంపెనీదే!

1883లో హైదరాబాద్‌లో కొందరు చదువుకున్నవారు ఈ లెక్కలను బహిరంగంగా చెప్పాలని అడిగారు. వారిలో ముఖ్యుడు అఘోరనాథ్ చట్టోపాధ్యాయ. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో రసాయనశాస్త్రం చదివి డాక్టర్ ఆఫ్ సైన్స్ పట్టా పుచ్చుకున్న వాడు. తరువాత నిజాం కళాశాలగా రూపొందిన విద్యాలయానికి ప్రిన్సిపాల్. సరోజినీ నాయుడు తండ్రి. ప్రభుత్వం జవాబు చెప్పలేదు. ఆ ఏడాది మే నెలలో ఆయనను రాజ్యం నుంచి వెళ్ళగొట్టింది. తరువాత ఆయన తిరిగి వచ్చారనుకోండి. కానీ హైదరాబాద్ రాజ్యంలో తొలి ప్రజా ఆందోళనల్లో ఒకటి ఒక రైలు పద్దుల మీద జరగడం, దానిలో ముందు నిలిచినవాడు ఒక రసాయన శాస్త్రవేత్త కావడం పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కవలసిన సంగతని నా అభిప్రాయం.

పథకం ఆగలేదు. నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే కంపెనీ ఏర్పడింది. వరంగల్, డోర్నకల్ దాటి లైను 1889లో బెజవాడ చేరింది. సింగరేణి బొగ్గు రైలెక్కింది.

ఇంతవరకూ వేసినదంతా బ్రాడ్‌గేజి, అంటే పట్టాల మధ్య దూరం 1,676 మిల్లీమీటర్లు. 1901 నాటికి గోదావరి లోయ మీదుగా మన్మాడ్ నుంచి ఇంకో లైను వచ్చింది. అది మీటరుగేజి, 1,000 మిల్లీమీటర్లు. (ఈ మీటరుకు ఒక చిత్రమైన కథ ఉంది. లార్డ్ మేయో కాలంలో భారతదేశానికి మెట్రిక్ కొలతలు వస్తాయన్న అంచనాతో ఆ వెడల్పు ఎంచుకున్నారు. కొలతల చట్టం వచ్చింది మాత్రం 1956లో!)

సన్నలైను చవక అంటారు. కారణం ఒకటి మీరే లెక్కకట్టవచ్చు. పట్టాలు 90 డిగ్రీలు మలుపు తిరిగాయనుకోండి. బయటి పట్టా లోపలి పట్టా కంటే పొడవుగా ఉంటుంది. ఆ తేడా మలుపు పెద్దదా చిన్నదా అన్న దానిమీద ఆధారపడదు. పట్టాల మధ్య దూరాన్ని 1.57తో గుణిస్తే చాలు. బ్రాడ్‌గేజికి సుమారు 2.6 మీటర్లు, మీటరుగేజికి 1.6 మీటర్లు. రెండు చక్రాలూ ఒకే ఇరుసుకు బిగించి ఉంటాయి కాబట్టి ఈ తేడాను చక్రాల అంచు ఏటవాలుతనమే సర్దుకోవాలి. తేడా తక్కువైతే ఇరుకు మలుపు కూడా తిరగవచ్చు. గుట్టలు తొలిచే పని, మట్టికట్టల ఖర్చు తగ్గుతాయి.

అయితే చవకగా వేసిన లైనుకు మూల్యం సికింద్రాబాద్‌లో చెల్లించవలసి వచ్చింది. ఒక గేజి పెట్టె రెండో గేజి మీద నడవదు. ఒక బండిలో వచ్చిన బస్తాలను దింపి, మోసి, మరొక బండిలోకి ఎక్కించాలి. చిన్నప్పుడు నేనూ నిజామాబాద్ వైపు నుంచి మీటరుగేజి బండిలో వచ్చి, ట్రంకుపెట్టెతో ప్లాట్‌ఫారాలు దాటి పెద్దబండి ఎక్కినవాణ్ణే. దేశమంతటా ఒకే గేజి చేయాలన్న కార్యక్రమం 1992లో మొదలయ్యాక క్రమంగా ఆ సన్నపట్టాలు మాయమయ్యాయి.

యాజమాన్యం కూడా మారుతూ వచ్చింది. 1930లో నిజాం ప్రభుత్వం కంపెనీ నుంచి రైల్వేను కొనేసింది. 1950లో అది కేంద్రం చేతికి, 1951లో సెంట్రల్ రైల్వేలోకి వెళ్ళింది. 1966 అక్టోబరు 2న దక్షిణమధ్య రైల్వే ఏర్పడినప్పుడు సికింద్రాబాద్ దాని ప్రధాన కేంద్రమైంది. ఊరు పెరిగి స్టేషను చుట్టూ మూసుకుపోయింది. ఇక పక్కలకు జరిగే చోటు లేదు. అందుకే కొన్ని బండ్ల భారం తీసుకోవడానికి 2025 జనవరిలో చర్లపల్లి టెర్మినల్‌ను ప్రారంభించారు. 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగిన కొత్త స్టేషను కోసం, అందరికీ ఆనవాలైన పాత ముఖభాగాన్ని 2025లోనే కూల్చివేశారు.

భవనం పోయినా దారి ఉంది. 2003 ఆగస్టులో మొదలైన ఎం.ఎం.టి.ఎస్. బండిలో ఈసారి సికింద్రాబాద్ నుంచి లింగంపల్లికి వెళ్ళినప్పుడు కిటికీ పక్కన కూర్చోండి. బేగంపేట, సనత్‌నగర్ మీదుగా మీరు వెళ్ళేది ఆ వాడి లైను మీదనే.