న్యాయానికో డిస్పెన్సరీ

మా చిన్నప్పుడు డిస్పెన్సరీ అంటే ఇంటినుంచి ఖాళీ సీసా పట్టుకెళ్ళి ఎర్రమందు పోయించుకు రావడమే. కాంపౌండరు గారు కాయితం ముక్కకి గళ్ళు కత్తిరించి సీసాకి అంటించేవారు, పూటకి ఒక గడి చొప్పున. ఆ మాటని న్యాయానికి కూడా వాడారని నాకీమధ్యనే తెలిసింది.

లా చదువుతున్న మా మేనకోడలు సెలవులకి వచ్చింది. మా పనిమనిషిని ఇంటివాడు ఉన్నపళంగా ఖాళీ చెయ్యమంటున్నాడట. నేను "అయ్యో పాపం" అని కూర తరుక్కుంటున్నాను. ఇది మాత్రం గడప దగ్గర చతికిలబడి, రసీదులున్నాయా, ఎవరి ఎదుట చెప్పాడు అని నోటుబుక్కులో రాసుకుంటోంది.

"లాయరువి కాకుండానే ఎందుకే ఈ తంటా?" అన్నాను.

"డాక్టరు చదివేవాళ్ళు పట్టా రాకముందే రోగుల్ని చూడరూ అత్తయ్యా?" అంది.

అమెరికాలోనూ ఇదే ఆలోచన వచ్చిందట. డెన్వర్ విశ్వవిద్యాలయంలో 1904లోనే లా విద్యార్థులు బీదల కోసం 'లీగల్ ఎయిడ్ డిస్పెన్సరీ' నడిపారు. 1913లో హార్వర్డ్ విద్యార్థులూ ఒక సహాయ కేంద్రం పెట్టుకున్నారు. లా కాలేజీలకి ఆస్పత్రుల్లాంటి క్లినిక్కులుండాలని జెరోమ్ ఫ్రాంక్ అనే ఆయన 1933లో గట్టిగా వ్యాసం రాశాడు. నిజమే మరి, వంటల పుస్తకం చదివి పెళ్ళివంటకి దిగితే ఏమవుతుంది?

ఆ హార్వర్డ్ కేంద్రంలోనే మిషెల్ ఒబామా, 1988లో పట్టా పుచ్చుకోకముందు, బీదవాళ్ళ అద్దె ఇళ్ళ కేసులు చూసింది. తరవాత వైట్‌హౌస్‌లో ఎనిమిదేళ్ళు కాపురం చేసిన మనిషి! మనిషి రోడ్డున పడ్డాక నీడ వెతికేకంటే, పడకుండా ఆపడమే మేలు కదా.

అక్కడ మసాచుసెట్స్‌లో పెద్ద తరగతుల విద్యార్థులు లాయరు పర్యవేక్షణలో కోర్టులో వాదించవచ్చు. మన దగ్గర 1961 అడ్వకేట్ల చట్టం ప్రకారం వాదన అడ్వకేట్లదే. విద్యార్థులు వినాలి, కాయితాలు సర్దాలి, అర్జీ రాయాలి, న్యాయసేవాధికార సంస్థకి దారి చూపాలి. ఓపిగ్గా వినడం మాత్రం తక్కువ పనా? ఫీజు తీసుకునేవాళ్ళకి అంత తీరికెక్కడిది!

బీదవాళ్ళకి ఉచిత న్యాయసహాయం అందించాలని 1976 నాటి రాజ్యాంగ సవరణలో 39-ఏ అధికరణం చేర్చారు. దానికోసం 1987లో చట్టం చేసి, 1995 నవంబరు 9 నుంచి అమల్లో పెట్టారు. కాయితం మీది మాట గడప దాకా రావడానికి అన్నేళ్ళు! ఆ చట్టంలో పన్నెండో సెక్షను చదివి వినిపించింది మా పిల్ల. ఆడవాళ్ళకి ఆదాయంతో నిమిత్తం లేకుండా సహాయం చెయ్యాలట.

"అయితే నాకు కూడానా?"

"నీకు కూడా అత్తయ్యా."

ఇన్నేళ్ళొచ్చాయి, ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు.

పనిమనిషి దగ్గర రసీదులు లేవు. కొడుకు ఎక్కాల పుస్తకం వెనక అట్ట మీద నెలనెలా అద్దె ఇచ్చిన తేదీలు మాత్రం రాయించుకుందట. "తీసుకురా, మొదలెట్టడానికి ఉపయోగపడుతుంది" అంది మా పిల్ల. మర్నాడు పొద్దున్నే ఇద్దరూ కోర్టు వైపు బస్సెక్కారు. ఆ పూట అంట్లు నేనే తోముకున్నాను.