హోం థియేటర్ రిసీవర్: బొమ్మ సెట్టింగులు ఎక్కడ మార్చాలి, ఎక్కడ వదిలేయాలి

కొత్త టీవీ తెస్తారు. ఇంట్లో ఉన్న హోం థియేటర్ రిసీవర్‌కు కలుపుతారు. శబ్దం గదంతా నిండుతుంది గానీ బొమ్మ మాత్రం షాపులో చూసినట్టు ఉండదు. ముఖాలు ఎర్రబారతాయి, నల్లటి బట్టలు బూడిద రంగులో కనిపిస్తాయి, క్రికెట్ మైదానం మరీ పచ్చగా మెరుస్తుంది. టీవీ పాడైందనుకుని మెకానిక్‌ను పిలిచేవారు, టీవీనే మార్చేద్దామనుకునేవారు ఉన్నారు. కానీ చాలా ఇళ్లలో జరుగుతున్నది వేరు. ఒకే బొమ్మను మూడు చోట్ల దిద్దుతున్నారు.

మూడు చోట్ల మార్పులు

సెట్‌టాప్ బాక్సు లేదా ప్లేయర్ నుంచి బొమ్మ, శబ్దం రెండూ హెచ్‌డీఎంఐ కేబుల్ ద్వారా రిసీవర్‌కు వస్తాయి. రిసీవర్ శబ్దాన్ని స్పీకర్లకు పంపి, బొమ్మను టీవీకి అందిస్తుంది. బాక్సులో కొన్ని బొమ్మ సెట్టింగులు ఉంటాయి, చాలా రిసీవర్లలో కొన్ని ఉంటాయి, టీవీలో ఎలాగూ ఉంటాయి. మూడింటిలోనూ కాస్త కాస్త రంగు పెంచితే చివరికి తెర మీద రంగు పొంగిపోతుంది. అందుకే దిద్దే పని ఒక్కచోటే చేయాలి. ఆ చోటు మామూలుగా టీవీయే.

ముందు లోపం ఎక్కడుందో తేల్చుకోవాలి

ఏ సెట్టింగూ ముట్టుకోకముందే ఒక చిన్న పరీక్ష చేయాలి. రిసీవర్‌ను పక్కనపెట్టి, బాక్సు కేబుల్‌ను టీవీలో నేరుగా పెట్టి అదే చానల్ చూడాలి. ఒక్కో హెచ్‌డీఎంఐ పోర్టుకు టీవీ వేర్వేరు సెట్టింగులు గుర్తుపెట్టుకోవచ్చు. కాబట్టి రిసీవర్ కేబుల్ ఉన్న పోర్టులోనే పెట్టి చూడాలి. అలా బొమ్మ బాగుంటే లోపం రిసీవర్ సెట్టింగుల్లోనో దాని కేబుల్‌లోనో ఉన్నట్టు. అప్పుడూ అలాగే ఉంటే టీవీనో బాక్సునో చూసుకోవాలి.

రిసీవర్‌ను అడ్డు తప్పించడం

డెనాన్, మరాంట్జ్ రిసీవర్లలో వీడియో మెనూలో 'పిక్చర్ అడ్జస్ట్' ఉంటే, అందులో 'పిక్చర్ మోడ్'ను 'ఆఫ్' చేయాలి. యమహాలో 'వీడియో మోడ్'ను 'డైరెక్ట్'లో పెట్టాలి. మరికొన్ని కంపెనీలు దీన్ని 'త్రూ' అనో 'బైపాస్' అనో పిలుస్తాయి. అన్నిటి అర్థం ఒకటే: వచ్చిన బొమ్మను వచ్చినట్టే టీవీకి పంపడం. చాలా మోడళ్లలో ఈ సెట్టింగు ఒక్కో ఇన్‌పుట్‌కు విడివిడిగా ఉంటుంది. సెట్‌టాప్ బాక్సుకు మార్చినంత మాత్రాన ప్లేయర్‌కు మారదు. రెండింటికీ చూసుకోవాలి.

4కే రాకపోతే

4కే టీవీ, 4కే ప్లేయర్ ఉన్నా బొమ్మ మామూలుగానే వస్తుంటే రిసీవర్‌లో '4కే సిగ్నల్ ఫార్మాట్' లేదా 'హెచ్‌డీఎంఐ సిగ్నల్ ఫార్మాట్' అనే చోట చూడాలి. అది 'స్టాండర్డ్'లో ఉంటే 'ఎన్‌హాన్స్‌డ్'కు మార్చాలి. టీవీలో కూడా ఆ పోర్టుకు ఇలాంటి సెట్టింగే ఉంటుంది. ఎల్‌జీలో పేరులో 'డీప్ కలర్' అని, శామ్‌సంగ్‌లో 'ఇన్‌పుట్ సిగ్నల్ ప్లస్' లేదా 'యూహెచ్‌డీ కలర్' అని కనిపిస్తుంది. రెండు చోట్లా ఆన్ అయితేనే ఫలితం ఉంటుంది.

మార్చాక తెర నల్లబడినా, బొమ్మ వచ్చి పోతున్నా మొదట కేబుల్‌ను అనుమానించాలి. హెచ్‌డీఎంఐ 2.0 సిగ్నల్ సెకనుకు 18 గిగాబిట్ల వరకు వెళ్తుంది. పాత కేబుళ్లు కొన్ని దాన్ని తట్టుకోలేవు. 'ప్రీమియం హై స్పీడ్' ముద్ర ఉన్న కేబుల్ వేస్తే సరిపోతుంది.

రిసీవరే హెచ్‌డీఎంఐ 1.4 కాలం నాటిదైతే సెకనుకు 60 ఫ్రేముల పూర్తి 4కే, హెచ్‌డీఆర్ దాని గుండా రావు. అయినా కొత్త రిసీవర్ కొనక్కర్లేదు. ప్లేయర్‌ను నేరుగా టీవీకి పెట్టి, టీవీలో 'ఏఆర్‌సీ' అని రాసి ఉన్న పోర్టును రిసీవర్ అవుట్‌పుట్‌కు కలపాలి. రిసీవర్‌లో కూడా ఏఆర్‌సీ ఉంటే, దాన్ని రెండు చోట్లా ఆన్ చేస్తే, శబ్దం ఆ కేబుల్‌లోనే వెనక్కి రిసీవర్‌కు వస్తుంది.

టీవీలో దిద్దే వరుస

ముందుగా పిక్చర్ మోడ్‌ను 'సినిమా', 'మూవీ' లేదా 'ఫిల్మ్‌మేకర్' మోడ్‌లో పెట్టాలి. 'వివిడ్', 'డైనమిక్' మోడ్‌లు వెలుగు ఎక్కువగా ఉండే షాపులో ఆకట్టుకోవడానికి బాగుంటాయి, ఇంట్లో కళ్లకు అలసట. తర్వాత గదిలో రోజూ చూసే వెలుతురులోనే కూర్చుని ఈ వరుసలో చేయాలి.

బ్రైట్‌నెస్: ఇది నలుపును దిద్దుతుంది. కొన్ని టీవీల్లో దీన్ని 'బ్లాక్ లెవెల్' అంటారు. నల్ల షేర్వానీ ఉన్న దృశ్యాన్ని ఆపి చూడాలి. నలుపు నల్లగానే ఉండాలి, మడతలు మాత్రం కనిపించాలి.

కాంట్రాస్ట్: ఇది తెలుపును దిద్దుతుంది. తెల్ల కుర్తా మీద మడతలు, కుట్లు మాయమైపోతే కాంట్రాస్ట్ ఎక్కువైనట్టు.

కలర్: దీనికి మనిషి ముఖమే కొలత. చర్మం రంగు సహజంగా ఉంటే చాలు.

షార్ప్‌నెస్: తగ్గించాలి. అక్షరాల చుట్టూ తెల్లటి గీత కనిపిస్తే ఎక్కువైనట్టే.

ఇవన్నీ చేసినా నలుపు బూడిదగా, మొత్తం వెలిసిపోయినట్టు ఉంటే కారణం 'ఆర్‌జీబీ రేంజ్' కావచ్చు. సినిమా, టీవీ సిగ్నల్‌లో నలుపు 16 దగ్గర, తెలుపు 235 దగ్గర ఉంటాయి. కంప్యూటర్‌లో 0 నుంచి 255 దాకా ఉంటాయి. పంపే పెట్టె, టీవీ రెండూ ఒకే లెక్కలో ఉండాలి. 'ఆటో' కుదరకపోతే రెండింటిలోనూ 'లిమిటెడ్' పెట్టి చూడాలి.

రిసీవర్ సెట్టింగులు నిజంగా అక్కరకొచ్చే చోటు

ఇంట్లో పాత వీసీఆర్, పెళ్లి క్యాసెట్ ఉంటే అప్పుడు రిసీవర్ పనికొస్తుంది. పసుపు, తెలుపు, ఎరుపు పిన్నుల కేబుల్‌తో వచ్చే బొమ్మను చాలా రిసీవర్లు హెచ్‌డీఎంఐకి మారుస్తాయి. బొమ్మ సెట్టింగులు ఉన్న మోడల్ అయితే ఆ ఒక్క ఇన్‌పుట్‌కే 'నాయిస్ రిడక్షన్' కొంచెం పెంచి, రంగు కొంచెం దిద్దుకోవచ్చు. టీవీలో మార్చనక్కర్లేదు కాబట్టి మిగతా చానళ్లు చెడవు. టేపులో లేని వివరం మాత్రం ఏ సెట్టింగూ తేలేదు. నిఖా రోజున నానాజాన్, దాదీమా కనిపించే టేపు అదొక్కటే అయితే, అది ఇంకా ఆడుతున్నప్పుడే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోవడం మేలు.

రిసీవర్ బొమ్మను దిద్దేటప్పుడు బొమ్మ కాస్త ఆలస్యం కావచ్చు. పెదాల కదలిక కంటే మాట ముందే వినిపిస్తే 'లిప్ సింక్' లేదా 'ఆడియో డిలే'ను కొద్దికొద్దిగా పెంచాలి.

మొదలుపెట్టే ముందు

ప్రతి మెనూను ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోవాలి. ఒకసారికి ఒక్కటే మార్చి, చూసి, తర్వాతిదానికి వెళ్లాలి. తికమకపడి 'ఫ్యాక్టరీ రీసెట్' నొక్కితే బొమ్మతో పాటు స్పీకర్ల దూరాలు, శబ్దం లెక్కలు కూడా చెరిగిపోతాయి. ఫొటో ఉంటే పాత స్థితికి రెండు నిమిషాల్లో రావచ్చు.