కోర్టు సరసన కట్టిన బడి

హైదరాబాద్‌లో నయాపుల్ దాటి మూసీ దక్షిణపు ఒడ్డు వెంట పడమరగా నడిస్తే మొదట హైకోర్టు గుమ్మటాలు కనిపిస్తాయి. కోర్టు ప్రహరీ అయిపోయాక మళ్లీ గుమ్మటాలు, మళ్లీ కమానులు. అదీ కోర్టే కాబోలనుకుని చాలామంది దాటిపోతారు. అది సిటీ కాలేజీ. దాన్ని కట్టింది బడి కోసం. కాలేజీ ఆ తర్వాత వచ్చింది.

ఈ కట్టడం కథ వరదతో మొదలవుతుంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి ఊరి మీద పడింది. సుమారు 15 వేల మంది పోయారని అంటారు. అఫ్జల్‌గంజ్ దగ్గరి ఒక చింతచెట్టెక్కి 150 మంది దాకా బతికారు. ఆ చెట్టు ఇప్పటికీ ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది. మరుసటేడు నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఎగువన జలాశయాలు కట్టి వరదకు అడ్డుకట్ట వేయాలని, ఊళ్లో నది ఒడ్డును తీర్చిదిద్దాలని ఆయన చెప్పారు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ అలా వచ్చినవే. 1912లో నగరాభివృద్ధి కోసం ప్రత్యేకంగా ఒక బోర్డు కూడా ఏర్పడింది.

నది రెండు ఒడ్ల మీదా ఏం కట్టారో చూడండి. దక్షిణాన హైకోర్టు, దాని పక్కన బడి. ఉత్తరాన ఆసుపత్రి, తర్వాతి కాలంలో దాని దగ్గరే గ్రంథాలయం. ఊరికంతటికీ కనిపించే ఆ జాగాలో న్యాయానికి, వైద్యానికి సమానంగా చదువును కూర్చోబెట్టారు. కోర్టుకు ఎంత హంగు చేశారో పిల్లల బడికీ అంత హంగు చేశారు. ఈ కట్టడంలో నాకన్నిటికన్నా గొప్పగా తోచేది ఈ సంగతే.

నక్షా గీసింది విన్సెంట్ ఎష్. కలకత్తాలో విక్టోరియా మెమోరియల్ పనులు పర్యవేక్షించిన ఆంగ్లేయ వాస్తుశిల్పి. 1914లో నిజాం కొలువుకు వచ్చి కాచిగూడ స్టేషను, హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి, ఈ బడి రూపొందించాడు. ఇక్కడి గుమ్మటాలు, ఛత్రీలు, కోసుగా తేలిన కమానులు మొగలాయి కట్టడాల నుంచి తెచ్చుకున్నవి. లోపలి అమరిక మాత్రం ఆనాటి కొత్త చదువులకు తగ్గట్టు వేసింది: వరుస తరగతి గదులు, వాటికి ఎత్తయిన పైకప్పులు, వెలుతురొచ్చే పెద్ద కిటికీలు. కరెంటు పంకాలు ఇంటింటా లేని రోజుల్లో ఎండాకాలం పాఠం సాగాలంటే వేడిగాలి పైకి పోవడానికి అంత ఎత్తు కావాలి. చూపరులకు దర్జాగా కనిపించే ఎత్తు కింద కూర్చున్న పిల్లవాడికి చల్లదనం.

కాలేజీ తన మూలాన్ని సాలార్‌జంగ్ కాలపు దారుల్ ఉలూమ్ మదరసా దాకా చెప్పుకుంటుంది. అది నిజాం ఉస్మాన్ అలీఖాన్ హయాంలో సిటీ హైస్కూలు అయింది. 1921లో ఈ కొత్త భవనానికి మారింది. ఆ ఏడే ఉస్మానియా విశ్వవిద్యాలయం కింద ఇంటర్మీడియట్ తరగతులు పెట్టారు. చేరినవాళ్లు 30 మంది. 1929లో కాలేజీ హోదా వచ్చింది.

ఇక్కడి అధ్యాపకుల్లో ఒకరు మఖ్దూం మొహియుద్దీన్. మూసీ ముంచిన 1908లోనే పుట్టిన కవి. 1939లో ఉర్దూ చెప్పడానికి చేరి, కొద్దికాలానికే ఉద్యోగం వదిలి కమ్యూనిస్టు ఉద్యమంలోకి వెళ్లిపోయారు.

1952 సెప్టెంబరులో ఈ గోడల ముందే తుపాకులు పేలాయి. స్థానికేతరులు దొంగ ముల్కీ (స్థానికత) సర్టిఫికెట్లతో ఉద్యోగాలు దక్కించుకుంటున్నారని విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు. 'నాన్ ముల్కీ గో బ్యాక్' అన్నది వారి నినాదం. సిటీ కాలేజీ దగ్గర పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. విచారణ బాధ్యత హైకోర్టు న్యాయమూర్తి పింగళి జగన్మోహన్ రెడ్డికి అప్పగించారు. తెలంగాణ ఉద్యమ చరిత్ర చెప్పేవాళ్లెవరూ ఈ చోటును దాటవేయరు.

ఇంత చరిత్ర చూసిన గోడలను జాగ్రత్తగా కాపాడుకోవాలి. కానీ పాత కట్టడాల మరమ్మతులకు సిమెంటు పూయడం మన దగ్గర అలవాటైపోయింది. సున్నపు గోడకు సిమెంటు పూస్తే తడి లోపలే చిక్కుకుని గోడను తినేస్తుంది. డంగు సున్నం కలపడం తెలిసిన మేస్త్రీలు ఇంకా ఉన్నారు. ఇలాంటి గోడలను వాళ్లకే అప్పగించాలి.

హైకోర్టు కొత్త భవనానికి 2024 మార్చిలో రాజేంద్రనగర్‌లో శంకుస్థాపన జరిగింది. ఉస్మానియా కొత్త ఆసుపత్రికి 2025 జనవరిలో గోషామహల్‌లో. మూసీ ఒడ్డున ఎష్ కట్టిన మూడింటిలో రెండు ఖాళీ అయ్యే దారిలో ఉన్నాయి. సిటీ కాలేజీలో మాత్రం రోజూ పొద్దున గంట మోగుతూనే ఉంది.