ధాత కరువుకు వారసులెవరు?

1876లో వానలు ఎగ్గొట్టడంతో మొదలై 1878 దాకా దక్షిణాదిని పీల్చి పిప్పి చేసిన క్షామాన్ని తెలుగువాళ్లు ధాత కరువు అన్నారు. బళ్లారి, కర్నూలు, కడప జిల్లాల్లో అది తీసిన ప్రాణాలకు సరైన లెక్క లేదు. దేశం మొత్తం మీద మృతుల సంఖ్యను చరిత్రకారులు 55 లక్షల నుంచి కోటి దాకా అంచనా వేస్తున్నారు. 1871 జనగణనను 1881 జనగణన పక్కన పెట్టి చూస్తే కర్నూలు జిల్లా జనాభాలో దాదాపు నాలుగో వంతు కనిపించదు. ఇంత పెద్ద విషాదానికి మన జాతీయ స్మృతిలో దక్కిన చోటు మాత్రం చాలా చిన్నది. చరిత్ర పాఠాల్లో మహా అయితే వైస్రాయ్ లిట్టన్ ఢిల్లీ దర్బారు గురించి చెప్పే చోట ఒకటి రెండు వాక్యాలు దొరుకుతాయి. నూటయాభై ఏళ్లు గడిచాయి, చూసినవాళ్లు పోయారు, విన్నవాళ్లూ పోయారు, మరుపు సహజమే కదా అని మనం సరిపెట్టుకుంటాం. ఆ సర్దుబాటు నాకు సబబుగా తోచదు. కాలం గడవడం వల్లే జ్ఞాపకాలు పోయేటట్లయితే పాత విషాదాలన్నీ ఒకే వేగంతో చెరిగిపోవాలి. అలా జరగడం లేదు. ఒక విషాదం గుర్తుండాలంటే దానితో అవసరం ఉన్నవాళ్లు ప్రతి తరంలోనూ ఉండాలి. ధాత కరువుకు కొన్నాళ్లు అలాంటివాళ్లు ఉన్నారు, ఆ తర్వాత లేకుండా పోయారు.

జలియన్‌వాలాబాగ్‌తో పోల్చి చూడండి. 1919 ఏప్రిల్ 13న అక్కడ చనిపోయినవాళ్లు హంటర్ కమిటీ ప్రకారం 379 మంది, కాంగ్రెస్ విచారణ ప్రకారం దాదాపు వెయ్యి మంది. ఆ మరుసటి ఏడాదే చందాలు పోగుచేసి ఆ స్థలాన్ని కొన్నారు. 1951లో ట్రస్టు కోసం చట్టం వచ్చింది. 1961లో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ స్మారకాన్ని ప్రారంభించారు. అక్కడ తూటాల గుర్తులున్న గోడ ఉంది, తేదీ ఉంది, కాల్చమన్న డయ్యర్ ఉన్నాడు. కరువుకు ఇవేవీ లేవు. అది ఏ రోజు మొదలైందో ఎవరూ చెప్పలేరు. చావులు ఊళ్లలో, దారుల మీద, కరువు పనుల శిబిరాల్లో జరిగాయి. 1877లో వానలు పడ్డాక వచ్చిన జ్వరాలూ అంతకుముందు నుంచే ఉన్న కలరా ఇంకెందరినో తీసుకుపోయాయి, వాళ్లను కరువు మృతులుగా లెక్కించాలా వద్దా అన్న తగాదా ఉండనే ఉంది. దోషి కూడా ఒక్క మనిషి కాదు. మబ్బు ఉంది, వ్యాపారి ఉన్నాడు, ధరల జోలికి వెళ్లవద్దన్న ఆర్థిక సిద్ధాంతం ఉంది, ఆ సిద్ధాంతాన్ని నమ్మిన ప్రభుత్వం ఉంది.

ఆ ప్రభుత్వం ఏం చేసిందో కాగితాల్లో స్పష్టంగానే ఉంది. 1873–74లో బీహారులో కరువు వచ్చినప్పుడు సర్ రిచర్డ్ టెంపుల్ బర్మా నుంచి బియ్యం తెప్పించి జనాన్ని కాపాడాడు. చావులు చాలా తక్కువ. అందుకు మెప్పు రాకపోగా ఖర్చు ఎక్కువైందని చీవాట్లు పడ్డాయి. ఆ టెంపుల్‌నే 1877లో మద్రాసు పంపారు, ఈసారి పొదుపు చేయమని. కరువు పనుల్లో మట్టి మోసే మగమనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, అంటే అరకిలోకు తక్కువ, దాని మీద ఒక అణా చాలునని ఆయన తేల్చాడు. మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ ఈ తిండితో కాయకష్టం చేసేవాడు బతకడని వాదించాడు. తర్వాత కూలి పెరిగింది, ఈలోగా చనిపోవలసినవాళ్లు చనిపోయారు. మరోపక్క కరువు కాలంలోనే 1877–78లో ఇంగ్లండుకు 3 లక్షల 20 వేల టన్నుల గోధుమలు ఎగుమతయ్యాయి. 1877 జనవరి 1న విక్టోరియాను భారత సామ్రాజ్ఞిగా ప్రకటిస్తూ ఢిల్లీలో దర్బారు జరిగింది.

ఈ జ్ఞాపకానికి మొదటి హక్కుదారులు కావలసింది బాధితులే. వాళ్లకు ఆ అవకాశం లేకపోయింది. ఊరూవాడా తుడిచిపెట్టుకుపోయిన చోట చెప్పేవాళ్లు మిగలరు. మిగిలినవాళ్లలో చాలామంది నిరుపేద కులాల కూలీలు, చదువు లేదు, పత్రిక లేదు. బతకడానికి చేసిన పనులు కొన్ని పిల్లలకు చెప్పుకునేవీ కావు. వాళ్లకున్న తేదీల లెక్క కూడా అరవై ఏళ్ల చక్రమే. 1936లో మళ్లీ ధాత నామ సంవత్సరం వచ్చేసరికి, కరువునాడు పదేళ్ల పిల్లవాడు డెబ్బై ఏళ్ల ముసలివాడు. అప్పటి నుంచి ‘ధాత’ అంటే ఏ ధాత అని అడగాల్సి వచ్చింది. చదువుకున్న తెలుగు సమాజం మాటేమిటి? 1878లో వివేకవర్ధనిలో కందుకూరి వీరేశలింగం ‘రాజశేఖర చరిత్రము’ వెలువడుతోంది. ఒక కుటుంబం చితికిపోయి దేశాలు పట్టిపోవడం అందులో ఇతివృత్తమే, కానీ ఆ చితికిపోవడానికి కరువు కారణం కాదు. ఇందులో వీరేశలింగాన్ని తప్పుపట్టడానికి ఏమీ లేదు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లోనే పూర్తయింది, గోదావరి డెల్టా ఆ కరువును కర్నూలు చూసినట్టు చూడలేదు. ఆధునిక తెలుగు గద్యం పుట్టి పెరిగిన ప్రాంతమూ కరువు పడ్డ ప్రాంతమూ వేర్వేరు కావడం మన సాహిత్య చరిత్రలో తగినంతగా గమనించని సంగతి. రాయలసీమ కరువు కావ్యంగా బలంగా పలకడానికి విద్వాన్ విశ్వం ‘పెన్నేటి పాట’ దాకా ఆగాల్సి వచ్చింది. అది వచ్చేటప్పటికి మనసుల్లో ఉన్నది 1950ల గంజి కేంద్రాల కరువు.

బాధితులు నిలబెట్టుకోలేని జ్ఞాపకాన్ని రెండు వర్గాలు తమ అవసరాల కోసం తీసుకున్నాయి. ఒకటి ప్రభుత్వం. 1880లో కరువు కమిషన్ నివేదిక వచ్చింది, 1883లో కరువు నిబంధనావళి తయారైంది. ఏ సూచనలు కనిపిస్తే కరువు ప్రకటించాలి, పనులు ఎక్కడ తెరవాలి, కూలి ఎంత అన్నవన్నీ అందులోకి ఎక్కాయి. రెండోది జాతీయవాదులు. మద్రాసు టైమ్స్ సంపాదకుడు విలియం డిగ్బీ 1878లోనే రెండు సంపుటాల్లో ఆ కరువు చరిత్ర రాశాడు. తర్వాత కాంగ్రెస్ తరఫున ఇంగ్లండులో పనిచేసి, 1901లో ఆ గణాంకాలనే బ్రిటిష్ పాలన మీద అభియోగపత్రంగా మార్చాడు. దాదాభాయి నౌరోజీ, రమేశచంద్ర దత్తు రచనల్లో కరువులు సంపద తరలింపుకు సాక్ష్యాలయ్యాయి. ఆ ముప్పై నలభై ఏళ్లు ధాత కరువు మృతులు దేశ రాజకీయాల్లో మాట్లాడుతూనే ఉన్నారు. 1947లో ఆ వ్యాజ్యం ముగిసింది. గెలిచినవాడికి సాక్షితో పని ఏముంటుంది?

ఆ తర్వాత జరిగింది మరీ విచిత్రం. ఆ కరువు మద్రాసు, బొంబాయి ప్రెసిడెన్సీలది, మైసూరుది, నిజాం రాజ్యానిది. అవేవీ ఇప్పుడు లేవు. 1876లో బళ్లారి జిల్లాలో ఉన్న అనంతపురం 1882లో విడిపోయింది. 1953లో బళ్లారిలో ఎక్కువ భాగం మైసూరు రాష్ట్రానికి వెళ్లింది. భాషా రాష్ట్రాలు తమ చరిత్రలు రాసుకున్నప్పుడు ఎవరి రాజులను వాళ్లు, ఎవరి ఉద్యమాలను వాళ్లు పంచుకున్నారు. మూడు నాలుగు భాషలకు ఉమ్మడిగా ఉన్న చావులు ఎవరి వాటాకూ రాలేదు. మన వాటాకు వచ్చింది ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన కాటన్ దొర. గోదావరి జిల్లాల్లో ఎన్నో ఊళ్లలో ఆయన విగ్రహం కనిపిస్తుంది. 1832–33లో గుంటూరు సీమను ఊడ్చేసిన డొక్కల కరువులో పోయినవాళ్ల ఊసు ఆ విగ్రహాల దగ్గర వినిపించదు. కృతజ్ఞత మంచిదే. కాని కాపాడినవాణ్ని తలుచుకోవడం తేలిక, ఎందుకు కాపాడాల్సి వచ్చిందో తలుచుకోవడం కష్టం.

ఇక్కడ ఒక బలమైన అభ్యంతరం ఉంది. శిలాఫలకాలు ఏం చేస్తాయి, చట్టం చేసిందే నిజమైన స్మారకం కదా అని. 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకం మొదలైంది అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే. పాత కరువు సీమలో ఆ పనిని జనం నేటికీ ‘కరువు పని’ అంటారు. టెంపుల్ కూలికీ ఈ కూలికీ మధ్య దయ నుంచి హక్కు దాకా నడిచిన దూరం ఉంది. ఈ వాదనలో సత్యం చాలా ఉంది. కానీ 1943 దీనికి అడ్డొస్తుంది. కరువు నిబంధనావళి వచ్చి సరిగ్గా అరవై ఏళ్లకు బెంగాల్‌లో సుమారు 30 లక్షల మంది చనిపోయారు. నిబంధనావళి అల్మారాలో ఉంది, ప్రాంతీయ ప్రభుత్వం దాని ప్రకారం కరువును ప్రకటించలేదు. ప్రకటిస్తే పనులూ తిండీ విధిగా ఇవ్వాలి కనుక. అల్మారాలోంచి దాన్ని తీయించగల ఒత్తిడి బయట ఉండాలి. ఆ ఏడాది ఆగస్టులో ‘స్టేట్స్‌మన్’ పత్రిక కలకత్తా వీధుల ఫొటోలు అచ్చువేయడం ఆ ఒత్తిడిలో భాగం. చట్టాన్ని పని చేయించడానికీ జ్ఞాపకం కావాలి.

మరో అభ్యంతరం, పాత గాయాలను కెలకడం ఎందుకని. కెలికితేనే పుండు పెరుగుతుందన్న భయానికి ఐర్లండు అనుభవం ఆధారమివ్వదు. 1845 నుంచి అక్కడ వచ్చిన బంగాళాదుంప కరువులో సుమారు పది లక్షల మంది చనిపోయారు, మరో పది లక్షల మంది దేశం వదిలారు. ఆ దేశంలోనూ చాలాకాలం సిగ్గుతో కూడిన మౌనమే నడిచింది. 150వ సంవత్సరం సందర్భంగా 1990లలో చరిత్రకారులు, ఊరి సంఘాలు, అమెరికా వలస కుటుంబాలు దాన్ని మళ్లీ తవ్వాయి. 1997లో బ్రిటిష్ ప్రధాని టోనీ బ్లేయర్ పేరిట వచ్చిన ప్రకటన నాటి పాలకుల వైఫల్యాన్ని ఒప్పుకుంది. తర్వాత జాతీయ స్మారకదినం వచ్చింది. ఐదారు తరాల తర్వాత జ్ఞాపకం తిరిగి మొలిచిందంటే మరుపు ప్రకృతి ధర్మం కాదని అర్థం. ఐర్లండుకు సంపన్నులైన వలస వారసులున్నారు, మనకు లేరు అనవచ్చు. నిజమే, కోరంగి రేవు నుంచి మారిషస్‌కు, తర్వాత బర్మాకు, నటాల్‌కు వెళ్లిన తెలుగు కుటుంబాలు ఓడను గుర్తుపెట్టుకున్నంతగా కరువును గుర్తుపెట్టుకోలేదు. కానీ అక్కడ కూడా పని మొదలుపెట్టింది డబ్బు కాదు, జిల్లా జిల్లాకూ లెక్కలు తీసిన చరిత్రకారులు.

ఇక మిగిలింది, పేర్లు లేని మృతులను ఎలా తలుచుకోవాలన్న సందేహం. మద్రాసు సైన్యాధికారి హూపర్ తీసిన ఎముకల గూళ్ల ఫొటోలలో ఉన్నవాళ్ల పేర్లు మనకు తెలియవు. ఆ ఫొటోలే ఒక్కోసారి 1943 బెంగాల్ కరువువిగా చలామణి అవుతున్నాయి. అయితే ఊళ్లు తెలుసుకోవచ్చు. నరహరి గోపాలకృష్ణమ శెట్టి అనే తెలుగు డిప్యూటీ కలెక్టరు 1886లో కర్నూలు జిల్లా మాన్యువల్ కూర్చాడు. మన తొలి నవలల్లో ఒకటైన ‘శ్రీరంగరాజ చరిత్రము’ రాసిన ఆయన కరువు గురించి రాయాల్సినప్పుడు నవలను వదిలి ఇంగ్లీషు ప్రభుత్వ గ్రంథంలో రాశాడు. ఆ మాన్యువల్, రెండు జనగణనలు, డిగ్బీ సంపుటాలు అందుబాటులోనే ఉన్నాయి. వాటిని పక్కపక్కన పెట్టి ఏ తాలూకాలో ఎంత మంది తగ్గారు, ఏ చెరువు, ఏ కాలువ, ఏ రోడ్డు కరువు కూలీల చేత తవ్వించారు అన్నది తెలుగులో పట్టిక వేయడానికి ఒకరిద్దరు పరిశోధకులూ ఓ విశ్వవిద్యాలయ చరిత్ర శాఖా చాలు.