వెలుతురుకు కొలత – ఛాయాచిత్రమునకు వెసులుబాటు

పూర్వపు కృష్ణా జిల్లా మెట్టసీమలో, జగ్గయ్యపేట చెంత, ధనంబోడు అను దిబ్బపై ఒక బౌద్ధస్తూపము కలదు. 1882లో జేమ్స్ బర్జెస్ దానిని పరిశీలించి, అమరావతి స్తూపముతోపాటు దాని వివరములను 1887లో గ్రంథముగా వెలువరించెను. ఇచ్చట దొరకిన మాంధాత చక్రవర్తి ఫలకము చెన్నై ప్రభుత్వ మ్యూజియములో నున్నది.

ఆ ఫలకము లేతరంగు సున్నపురాయి. చెక్కడము లోతు తక్కువ. ఎండలో ఇట్టి రాతిపై రూపురేఖలు తెలియుట కొద్దిపాటి వెలుగు భేదముల వలననే. కెమెరాలోనికి వెలుతురు హెచ్చినచో ఆ భేదములు చెరగి, శిల్పము తెల్లని పలకగా కనబడును. వెలుతురు హెచ్చుతగ్గులను చిత్రము ఎంతవరకు సహించునో దానిని ఎక్స్‌పోజరు వెసులుబాటు అందురు.

1851లో ఆర్చర్ ప్రకటించిన తడిపలకల పద్ధతి నాటికి దీనికి కొలత లేదు, అనుభవమే ఆధారము. ఇంగ్లండులో హర్టర్ అను రసాయనవేత్త, డ్రిఫీల్డ్ అను ఇంజనీరు కలిసి, పలకపై భాగభాగమునకు వేరువేరు మోతాదులలో వెలుతురు సోకించి, ఏర్పడిన నలుపును కొలిచి, 1890లో ఒక రేఖాచిత్రమును ప్రకటించిరి. ఆ రేఖకు అడుగున వంపు, నడుమ సరళభాగము, పైన మరల వంపు కలవు. సరళభాగములో వెలుగు భేదములు సక్రమముగా నమోదగును.

ఒక పలక సరళభాగము 128 రెట్ల వెలుగు భేదమును పట్టుననుకొందము. దృశ్యములోని భేదము 32 రెట్లే అయినచో, మిగిలిన 4 రెట్లే వెసులుబాటు. వెలుతురు రెట్టింపగుటను ఒక స్టాపు అందురు; కావున ఇది 2 స్టాపులు.

1969లో బెల్ ప్రయోగశాలలో బాయిల్, స్మిత్ సీసీడీని రూపొందించిరి. 1975లో కొడాక్ సంస్థలో సాసన్ దానితో డిజిటల్ కెమెరాను నిర్మించెను. ఇట్టి కెమెరాలోని ప్రతి కణమును ఒక కుండతో పోల్చవచ్చును. వెలుతురు వలన పుట్టిన ఎలక్ట్రానులు అందులో నిండును. నిండిన పిదప ఎంత పోసినను లెక్కకు రాదు. 12 బిట్ల కెమెరాలో అట్టి కణములన్నియు 4095 అనియే చెప్పును. నెగెటివు ఫిలిములో రేఖ పైభాగము మెల్లగా వంగును. కావున హెచ్చిన వెలుతురులోను కొంత వివరము మిగులును. డిజిటల్ కెమెరాలో ఆ వంపు లేదు. నీడలలో మాత్రము, మచ్చలతోనైనను, కొంత వివరము తిరిగి రాబట్టవచ్చును.

రెడ్డిగూడెము వంటి ఊరిలో విద్యార్థులే దీనిని పరీక్షింపవచ్చును. మిట్టమధ్యాహ్నము సున్నము వేసిన గోడను, ప్రక్కనున్న పశువుల పాకను ఒకే చిత్రములో, ఒక్కొక్క స్టాపు తేడాతో మూడుసార్లు తీసి పోల్చిన చాలును.

అమరావతి ఫలకములు కొన్ని సున్నపుబట్టీల పాలైనవి. 1816లో కాలిన్ మెకంజీ అచ్చట చేపట్టిన పరిశీలనలో గీయించిన బొమ్మలే వానిలో కొన్నింటికి నేడు మిగిలిన గురుతులు. రాయి పోయినను చిత్రము నిలుచును. చిత్రములో తెల్లబారి పోయిన రేఖ మాత్రము తిరిగి రాదు.